ఏప్రిల్‌లో బ్యాటు పలకని హిట్టర్‌ని ఉంచాలా, వదలాలా?

2024 మే నెలలో ఫ్రాన్సిస్కో లిండార్‌ని మా బావకి ఇచ్చేశాను. ఫాంటసీ బేస్‌బాల్‌లో లెండి, నిజం ఆటగాళ్ళతో ఊహా జట్టు కట్టి, మైదానంలో వాళ్ళు తెచ్చే అంకెలతో పోటీ పడే ఆట. పన్నెండు మందిమి చాలా ఏళ్ళుగా ఆడుకుంటున్న లీగ్ మాది. మార్చిలో డ్రాఫ్ట్ రోజున, అంటే వంతులవారీగా ఆటగాళ్ళని ఎంచుకునే రోజున, న్యూయార్క్ మెట్స్ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) లిండార్‌ని రెండో రౌండ్‌లో ఎగిరి గంతేసి తీసుకున్నాను. మే మధ్యకొచ్చినా అతని బ్యాటింగ్ యావరేజ్ .200 దాటలేదు, అంటే పదింట్లో రెండు హిట్లు (బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరడం) కూడా లేవు. పొద్దున లేవడం, ఫోన్ తీయడం, "నాలుగుకి సున్నా" చూడటం, మూడ్ పాడవడం. ఆరు వారాలు ఇదే వరస. ఓ ఆదివారం రాత్రి ఇంక ఉండబట్టలేక మెసేజ్ పెట్టాను.

"బావా, లిండార్ కావాలా?"

"ఇస్తానంటే వద్దంటానా?" రెండు నిమిషాల్లో జవాబు.

బదులుగా ఎవరిని తీసుకున్నానో చెప్పను. మా ఇంట్లో ఆ పేరు ఎత్తం. ఆ తర్వాత మెట్స్ లిండార్‌ని బ్యాటింగ్ ఆర్డర్‌లో మొదటి స్థానానికి తెచ్చింది. సీజన్ ముగిసేసరికి .273 యావరేజ్, 33 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), 29 స్టీల్స్ (బంతి వేసే పిచ్చర్ కళ్ళుగప్పి తర్వాతి బేస్‌కి పరిగెత్తడం), నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి (ఎంవీపీ) ఓటింగ్‌లో షోహెయ్ ఓహ్తానీ తర్వాత రెండో స్థానం. మా లీగ్ ట్రోఫీ ఆ ఏడాది బావ ఇంటికి వెళ్ళింది.

ఈ తెలివితక్కువ పనికి ఒక వెనక కథ ఉంది. అంతకు ముందు ఏడాది నా జట్టులో హోసే అబ్రేయు ఉన్నాడు. 2020లో అమెరికన్ లీగ్ ఎంవీపీ, 2023లో కొత్తగా హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కి వచ్చాడు. మే 28 దాకా ఒక్క హోమ్ రన్ లేదు. "పెద్ద ఆటగాడు, వాడే లేస్తాడు" అనుకుంటూ రెండు నెలలు కళ్ళు మూసుకుని రోజూ ఆడించాను. చివరికి .237 దగ్గర ఆగాడు. మరుసటి ఏడాది ఏప్రిల్ చివరికి 71 ఎట్-బ్యాట్స్‌లో (హిట్టో అవుటో తేలిన బ్యాటింగ్ వంతులు) 7 హిట్లు, అంటే .099. తనే ఒప్పుకుని కింది స్థాయి అయిన మైనర్ లీగ్‌కి వెళ్ళాడు, జూన్‌లో ఆస్ట్రోస్ అతన్ని వదిలేసింది. ఆ కథ కళ్ళ ముందు ఆడుతుండగా లిండార్ కూడా .200 కింద కనబడ్డాడు. అంతే, ఒకడి జబ్బుకి రాసిన మందు ఇంకొకడికి వేసేశాను.

ఓపిక పట్టి ఒకసారి, ఓపిక లేక ఒకసారి నష్టపోయాక అర్థమైంది, ఇక్కడ ఓపికకి పెద్ద పని లేదని. ఆ హిట్టర్ ఎలా అవుట్ అవుతున్నాడో చూడాలి. హిట్లు లెక్కపెట్టడం మానేసి అవుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాక ఏప్రిల్ నెల నాకు కాస్త తేలికైంది. నేను చూసే వరసలోనే చెబుతాను. ఫాంటసీ ఆడకపోయినా, మీకిష్టమైన జట్టులో ఒకడు మొదటి నెలంతా కొట్టలేకపోతుంటే కంగారు పడాలా వద్దా అన్నదానికీ ఇదే వరస పనికొస్తుంది.

ముందు ఎన్నిసార్లు ఆడాడో చూడండి

మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టుకి 162 మ్యాచ్‌లు. రోజూ ఆడే హిట్టర్ సీజన్ మొత్తంలో 600కి పైగా సార్లు బ్యాటుతో ప్లేట్ దగ్గరకొస్తాడు, ఒక్కో రాకా ఒక ప్లేట్ అపియరెన్స్. పది మ్యాచ్‌లు అయ్యేసరికి అతనికి దాదాపు 40 ఎట్-బ్యాట్స్ వస్తాయి. అప్పటికి ఒక్క హిట్ తేడా వస్తే యావరేజ్ 25 పాయింట్లు (.025) అటో ఇటో అవుతుంది. లైన్ మీద పడాల్సిన బంతి అంగుళం పక్కన పడినా అంతే. ఏప్రిల్ రెండో వారంలో కనిపించే యావరేజ్‌ని నేను వాతావరణ వార్తల్లా వింటాను, అంతకు మించి పట్టించుకోను.

ఒకసారి కూర్చుని లెక్క వేశాను. నిజంగా .270 కొట్టగల హిట్టర్‌కి 40 ఎట్-బ్యాట్స్‌లో 5 లేక అంతకంటే తక్కువ హిట్లు పడే అవకాశం ఎంత? నూటికి రెండు పైచిలుకు. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ 30 జట్లు, జట్టుకి తొమ్మిది మంది అంటే 270 మంది. వాళ్ళందరూ .270 వాళ్ళే అనుకున్నా, ఏ లోపమూ లేకుండా కేవలం దురదృష్టం వల్ల ఆరుగురు .125 దగ్గరో ఆ కిందో ఉంటారు. ఏ ఏడాదైనా అంతే. ఈసారి ఆ ఆరుగురిలో ఒకడు మీ జట్టులో పడ్డాడేమో.

క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్ళకి ఇది మింగుడు పడదు. మనకి మూడు ఇన్నింగ్స్‌లో డకౌట్ అయితే ఫామ్ పోయినట్టే. ఇక్కడ పదింట్లో ఏడుసార్లు అవుట్ అయ్యేవాడు గొప్ప హిట్టర్. విఫలం కావడమే మామూలు సంగతి అయిన ఆటలో వరసగా పది వైఫల్యాలు పెద్ద విషయం కాదు.

అయితే అన్ని అంకెలూ ఒకే వేగంతో నిజం చెప్పవు. రస్సెల్ కార్లటన్ అనే విశ్లేషకుడు చాలా ఏళ్ళ కిందటే దీన్ని లెక్కగట్టాడు. స్ట్రైకౌట్ల (మూడు స్ట్రైక్‌లకి అవుట్ కావడం) శాతం సుమారు 60 ప్లేట్ అపియరెన్స్‌లకి, వాక్‌ల (నాలుగు చెడు బంతులు పడి ఊరికే బేస్ దొరకడం) శాతం 120కి, హోమ్ రన్ల శాతం 170కి కాస్త నమ్మదగినవి అవుతాయి. బ్యాటింగ్ యావరేజ్‌కి మాత్రం 900 పైన ఎట్-బ్యాట్స్ కావాలి. అంటే ఒకటిన్నర సీజన్! మనం రోజూ పొద్దున్నే ఫోన్‌లో చూసి టెన్షన్ పడేది సరిగ్గా ఆ అంకెనే.

కాబట్టి నా మొదటి నియమం చాలా సాదా. 60 ప్లేట్ అపియరెన్స్‌లు నిండేదాకా, అంటే రోజూ ఆడేవాడికి రెండు వారాలు దాటేదాకా, గాయం ఉంటే తప్ప ఏమీ చేయను. నిండాక మాత్రం తప్పకుండా చూస్తాను. చూడకుండా ఎదురుచూడటం నేను 2023లో చేసిన పని.

అవుట్లు ఎలా వస్తున్నాయి?

ఇద్దరు హిట్టర్లని తీసుకుందాం. ఇద్దరికీ 40 ఎట్-బ్యాట్స్‌లో 5 హిట్లు, అందులో ఒకటి హోమ్ రన్. ఇద్దరి యావరేజ్ .125. మొదటివాడు 8 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు, రెండోవాడు 18 సార్లు. ఫోన్‌లో ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు కానీ ఇద్దరికీ పోలికే లేదు.

మొదటివాడి హోమ్ రన్, స్ట్రైకౌట్లు తీసేస్తే 31 బంతులు మైదానంలోకి కొట్టాడు. వాటిలో 4 హిట్లయ్యాయి, అంటే .129. మైదానంలోకి వెళ్ళిన బంతుల్లో ఎన్ని హిట్లయ్యాయో చెప్పే ఈ అంకెని బాబిప్ అంటారు. లీగ్ మొత్తం మీద అది .290, .300 మధ్య తిరుగుతుంటుంది. ఒక్కో హిట్టర్‌కి తనదైన మట్టం ఉంటుంది, వేగంగా పరిగెత్తేవాడికి కాస్త ఎక్కువ, భారీగా ఉండి ఎప్పుడూ ఒకే వైపు లాగి కొట్టేవాడికి తక్కువ. కానీ .129 మట్టం ఎవరికీ ఉండదు. బంతి ఫీల్డర్ల చేతుల్లోకే వెళ్తోందన్నమాట. వీణ్ణి వదలకండి. ఎవరైనా వదిలితే పట్టుకోండి.

రెండోవాడు మైదానంలోకి కొట్టింది 21 బంతులే. అతనికీ అదృష్టం బాగాలేదు, అది నిజమే. కానీ దాదాపు సగం సార్లు బంతి బ్యాటుకి తగలకుండానే వెనక్కి వెళ్తోంది. లీగ్‌లో సగటున నూటికి 22, 23 ప్లేట్ అపియరెన్స్‌లు స్ట్రైకౌట్‌తో ముగుస్తాయి. ఇతను పోయిన ఏడాది కూడా నూటికి 35 స్ట్రైకౌట్ అయ్యే రకమైతే సరే, అది అతని పద్ధతి. పోయిన ఏడాది 20 ఉండి ఇప్పుడు 40 అయితే మాత్రం ఏదో జరిగింది. ఎప్పుడూ అతని పాత అంకెలతోనే పోల్చండి. లీగ్ సగటుతో పోల్చి నేను ఒకరిద్దరు మంచి హోమ్ రన్ హిట్టర్లని ఊరికే పోగొట్టుకున్నాను.

స్ట్రైకౌట్లు పెరిగాయని తేలితే ఒక మెట్టు కిందికి దిగాలి. ఫ్యాన్‌గ్రాఫ్స్, బేస్‌బాల్ సావంట్ అనే వెబ్‌సైట్లలో ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి. అతను స్ట్రైక్ జోన్ (సరైన బంతి పడాల్సిన చోటు) బయట పడే బంతుల వెంట పడుతున్నాడా, లేక జోన్ లోపల పడే బంతుల్నే తగలలేకపోతున్నాడా? మొదటిది ఆత్రం. కొత్త జట్టు, కొత్త కాంట్రాక్ట్, మొదటి నెలలోనే అన్నీ చూపించేయాలన్న తహతహ. చాలామందికి అది నెలో రెండు నెలలో పట్టి తగ్గుతుంది. రెండోదే నాకు భయం. నడిమధ్యన పడ్డ ఫాస్ట్‌బాల్‌కి బ్యాటు ఆలస్యంగా వస్తుంటే, అందులోనూ హిట్టర్‌కి 34, 35 ఏళ్ళు దాటి ఉంటే, అది ఏప్రిల్ సమస్య కాకపోవచ్చు.

వాక్‌ల గురించి ఒక్క మాట. హిట్లు లేకపోయినా వాక్‌లు ఎప్పటిలా వస్తుంటే అతనికి బంతి కనిపిస్తోందని అర్థం. నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చేది ఇదే.

తగిలిన బంతి ఎలా వెళ్తోంది?

2015 నుంచి మేజర్ లీగ్ మైదానాలన్నిటిలో స్టాట్‌క్యాస్ట్ అనే కొలత వ్యవస్థ ఉంది. బ్యాటుకి తగిలిన ప్రతి బంతి ఎంత వేగంతో, ఏ కోణంలో వెళ్ళిందో కొలుస్తుంది. గంటకి 95 మైళ్ళు లేదా అంతకు మించి వెళ్తే దాన్ని హార్డ్ హిట్ అంటారు. తగిలిన బంతుల్లో నూటికి 40కి కాస్త అటూఇటూగా అలాంటివి ఉండటం లీగ్ సగటు. సావంట్‌లో ఏ ఆటగాడి పేజీ తెరిచినా ఎర్ర, నీలం చుక్కలతో గీతలు కనిపిస్తాయి. ఎరుపు మంచిది, నీలం చెడ్డది. మన ట్రాఫిక్ లైట్ అలవాటుకి తలకిందులు, నాకు అలవాటు పడటానికి ఒక సీజన్ పట్టింది.

ఇక్కడ నేను ముందు చూసేది సగటు కాదు, అతను ఈ ఏడాది కొట్టిన అత్యధిక వేగం. పోయిన ఏడాది 113 మైళ్ళతో కొట్టినవాడు ఈ ఏప్రిల్‌లో ఒక్కసారైనా 112 కొట్టి ఉంటే ఒంట్లో బలం అలాగే ఉంది. ఎందుకంటే అదృష్టం కలిసొచ్చి ఎవరూ 112 మైళ్ళ బంతి కొట్టలేరు. అదృష్టం మీద ఆధారపడి సింగిల్ వస్తుంది, ఆ వేగం రాదు.

వేగం ఉండీ హిట్లు లేకపోతే కోణం చూడాలి. ఎంత గట్టిగా కొట్టినా నేలకేసి కొడితే షార్ట్‌స్టాప్ చేతిలోకే పోతుంది. 8 నుంచి 32 డిగ్రీల మధ్య లేచిన బంతి మంచి బంతి. గ్రౌండ్ బాల్స్ శాతం పోయిన ఏడాది కన్నా బాగా పెరిగితే టైమింగ్ తప్పిందనో, స్వింగ్ మార్చాడనో అనుకోవచ్చు. టైమింగ్ చాలావరకు సరవుతుంది. మార్చి నెల స్ప్రింగ్ ట్రైనింగ్ సన్నాహక మ్యాచ్‌ల్లో సగం మంది పిచ్చర్లు కొత్త రకం బంతులు ప్రయత్నించి చూసుకుంటుంటారు, అక్కడి టైమింగ్‌తో అసలు సీజన్‌లోకి వస్తే కొన్నాళ్ళు తడబడటం సహజం.

ఇక చలి. దీన్ని సాకు అనుకునేవాణ్ణి, కానీ ఇది భౌతికశాస్త్రం. వెచ్చటి గాలి పలచగా ఉంటుంది, బంతి దూరం వెళ్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీల ఫారన్‌హీట్ పెరిగితే 400 అడుగుల ఫ్లై బాల్‌కి (గాల్లోకి లేపి కొట్టిన బంతి) సుమారు మూడు నాలుగు అడుగులు కలుస్తాయి. ఏప్రిల్ రాత్రి క్లీవ్‌లాండ్‌లోనో మినియాపొలిస్‌లోనో 45 డిగ్రీల చలిలో గోడ ముందు మట్టి మీద క్యాచ్ అయిన బంతిని తీసుకోండి. అదే దెబ్బకి జులైలో 85 డిగ్రీల్లో పన్నెండు, పదిహేను అడుగులు అదనంగా వెళ్తే అది హోమ్ రన్. కాబట్టి ఫ్లై బాల్స్ మీద బతికే హిట్టర్ ఉత్తరాది జట్టులో ఉంటే ఏప్రిల్ హోమ్ రన్ల అంకె చూసి కంగారు పడను. పైకప్పు మూసే మైదానంలో ఆడేవాడికి మాత్రం ఈ రాయితీ ఇవ్వను.

2024 నుంచి బ్యాట్ స్పీడ్ కూడా అందరికీ కనిపిస్తోంది. లీగ్ సగటు గంటకి 72 మైళ్ళకి దగ్గరగా ఉంటుంది, 75 దాటితే వేగవంతమైన స్వింగ్ కింద లెక్క. ఇది చాలా కొద్ది స్వింగ్‌లకే నిజం చెప్పేస్తుంది, అందుకే నాకు బాగా నచ్చింది. ఇప్పటి అంకెని పోయిన ఏడాది ఏప్రిల్‌తో పోల్చండి, పోయిన ఏడాది ఆగస్టుతో కాదు. రెండు మైళ్ళు తగ్గిందంటే నేను వెంటనే గాయాల వార్తలు వెతుకుతాను. మణికట్టు, చెయ్యి, భుజం, పక్కటెముకల కండరం... హిట్టర్ పైకి చెప్పడు, బ్యాటు చెప్పేస్తుంది.

పోయిన సెప్టెంబర్‌ని మర్చిపోకండి

ఇది చాలామంది చేయని పని. "సీజన్ ఆరంభంలో తడబాటు" అంటాం గానీ, కొందరికి అది ఆరంభం కాదు, పోయిన ఏడాదికి కొనసాగింపు.

బాల్టిమోర్ ఓరియోల్స్ క్రిస్ డేవిస్ సంగతి చూడండి. 2013లో 53 హోమ్ రన్లు, 2015లో 47. ఏడేళ్ళకి 16 కోట్ల 10 లక్షల డాలర్ల కాంట్రాక్ట్. 2019 మొదలైనప్పుడు వరసగా 33 ఎట్-బ్యాట్స్‌లో ఒక్క హిట్ లేదు. అంతకు ముందు సెప్టెంబర్‌తో కలిపితే 54. పిచ్చర్లని పక్కన పెడితే మేజర్ లీగ్ చరిత్రలో అంత పొడుగు వరస ఎవరికీ లేదు. ఏప్రిల్ 13న బోస్టన్‌లో సింగిల్ కొట్టాక ఆ బంతిని దాచమని డగౌట్ వైపు సైగ చేశాడు, చూస్తుంటే నాకే గొంతులో ఏదో అడ్డుపడింది. కానీ ఫాంటసీ కళ్ళతో చూస్తే జవాబు ముందే ఉంది. 2018 మొత్తం అతను కొట్టింది .168. 2019 ముగిసేసరికి .179. అది చెడ్డ ఏప్రిల్ కాదు, ఇంకో ఏడాది.

దీనికి పూర్తిగా ఎదురు బోస్టన్ రెడ్ సాక్స్ డేవిడ్ ఓర్టిజ్. 2010 ఏప్రిల్‌లో .143, ఒకటే హోమ్ రన్. ముప్పై నాలుగేళ్ళు. 2009 కూడా అలాగే నత్తనడకన మొదలైంది కాబట్టి బోస్టన్‌లో సగం మంది ఆయన కథ అయిపోయిందన్నారు. కానీ 2009లో ఆ నత్తనడక తర్వాత మొత్తం 28 హోమ్ రన్లు కొట్టాడని మర్చిపోయారు. 2010 ముగిసేసరికి .270, 32 హోమ్ రన్లు, 102 ఆర్‌బీఐలు (తన బ్యాటుతో జట్టుకి తెచ్చిన రన్లు). వయసు ఒక్కటే చూసుంటే ఓర్టిజ్‌ని వదిలేసేవాళ్ళం, పోయిన ఏడాది రెండో సగం చూసుంటే పట్టుకునేవాళ్ళం.

కొత్త జట్టుకి పెద్ద డబ్బుతో వెళ్ళినవాళ్ళది వేరే గుంపు. ఆల్బర్ట్ పుహోల్స్ 2012లో పదేళ్ళ కాంట్రాక్ట్‌తో ఏంజెల్స్ జట్టుకి వెళ్ళి మే 6 దాకా హోమ్ రన్ కొట్టలేదు, చివరికి 30 కొట్టాడు. ట్రే టర్నర్ 2023లో 11 ఏళ్ళకి 30 కోట్ల డాలర్లతో ఫిలడెల్ఫియా ఫిలీస్‌కి వెళ్ళి నాలుగు నెలలు తంటాలు పడ్డాడు. ఆగస్టు 4న సొంత మైదానంలో జనం తిట్టడానికి బదులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఫిలడెల్ఫియా జనమా అని దేశమంతా నోరెళ్ళబెట్టింది. అక్కడి నుంచి సీజన్ చివరిదాకా 16 హోమ్ రన్లు. చప్పట్ల వల్లే అన్నది నేను నమ్మను, అప్పటికే బంతి బాగా తగలడం మొదలైంది కాబోలు. 2024 ఏప్రిల్‌లో మెట్స్ అభిమానులు లిండార్‌కీ అలాగే చప్పట్లు కొట్టారు, ఆయన ఆ తర్వాత కూడా నెలపైనే తడబడ్డాడు. సరిగ్గా ఆ నెలలోనే నేను అమ్మేశాను.

చూశాక ఏం చేయాలి

స్ట్రైకౌట్లు మామూలుగా ఉండి, బంతి గట్టిగా తగులుతూ, గాయం వార్త లేకపోతే ఉంచండి, ఆడించండి కూడా. బెంచ్ మీద కూర్చోబెట్టడం మధ్యేమార్గంలా కనిపిస్తుంది కానీ అతను లేచే రోజు బెంచ్ మీదే ఉంటాడు. ఇలా నాకు రెండు హోమ్ రన్ల మ్యాచ్‌లు ఎన్నిసార్లు పోయాయో.

ఆడే అవకాశం తగ్గుతుంటే మాత్రం అంకెలు ఎంత బాగున్నా ఆలోచించాలి. మేనేజర్ అతన్ని మూడో స్థానం నుంచి ఏడుకి దించాడా, ఎడమచేతి పిచ్చర్ వచ్చినప్పుడల్లా కూర్చోబెడుతున్నాడా? సావంట్ పేజీ ఎర్రగా మెరిసినా, వారానికి నాలుగు మ్యాచ్‌లే ఆడేవాడు రన్లూ ఆర్‌బీఐలూ ఎక్కడినుంచి తెస్తాడు? పెద్ద కాంట్రాక్ట్ ఉన్నవాణ్ణి అంత తొందరగా దించరు, రెండో ఏడాది కుర్రాణ్ణి మైనర్స్‌కి పంపేస్తారు. అందుకే ఒకే అంకెలున్న ఇద్దరిలో కుర్రాడి విషయంలో నేను ఎక్కువ జాగ్రత్తగా ఉంటాను.

స్ట్రైకౌట్లు పెరిగి, బ్యాట్ స్పీడ్ తగ్గి, పోయిన ఏడాది చివర కూడా ఇలాగే ఉంటే, పేరు ఎంత పెద్దదైనా వదలండి. ఈ మూడూ కలిస్తేనే. రెండే ఉంటే మే చివరిదాకా చూస్తాను.

ట్రేడ్ చేసేవాళ్ళు ఒక లెక్క మనసులో ఉంచుకోవాలి. నిజంగా .270 హిట్టర్ మొదటి 100 ఎట్-బ్యాట్స్‌లో 15 హిట్లే కొట్టాడనుకోండి. "సగటుకి రావాలిగా, ఇక .300 బాదేస్తాడు" అంటారు జనం. బంతికి ఆ అప్పు గుర్తుండదు. మిగిలిన 450 ఎట్-బ్యాట్స్‌లో అతను .270 కొడతాడు, అంతే. మొత్తం కలిపితే .248. అంటే మొదటి నెల నష్టం అతన్ని డ్రాఫ్ట్ చేసినవాడు ఎలాగూ భరించేశాడు, అది తిరిగి రాదు. మే మొదట్లో కొన్నవాడికి మాత్రం పూర్తి .270 హిట్టర్, తగ్గించిన ధరకి. చేదు గింజ ఒకరికి, పండు ఇంకొకరికి. కొనడానికి ఇంతకన్నా మంచి కాలం ఉండదు, అమ్మడానికి ఇంతకన్నా చెడ్డ కాలం ఉండదు.

కొనేటప్పుడు ఆ హిట్టర్ పేరు ముందు ఎత్తకండి. ఎదుటివాడి జట్టులో ఇంకెవరి గురించో మాట కలిపి, చివర్లో "పోనీ వీణ్ణి కూడా ఇస్తావా?" అనాలి. ఆదివారం రాత్రి అడగాలి, వారం ఓడిపోయిన కోపం అప్పుడే ఉంటుంది. ఇది నాకు బావ నేర్పలేదు, నామీద ప్రయోగించి చూపించాడు.

ఇప్పుడు డ్రాఫ్ట్ అయిన రాత్రే ఒక కాగితం రాసి పెట్టుకుంటున్నాను. ప్రతి హిట్టర్ పేరు పక్కన పోయిన ఏడాది స్ట్రైకౌట్ శాతం, అత్యధిక వేగం, బ్యాట్ స్పీడ్, సెప్టెంబర్ ఎలా గడిచిందో రెండు ముక్కలు. మార్చిలో నాకు ఎవరి మీదా కోపం ఉండదు కాబట్టి రాసింది న్యాయంగా ఉంటుంది. ఫ్రిజ్ మీద అంటించుకున్నాను. పోయిన మే మొదటి ఆదివారం రాత్రి తొమ్మిదింటికి బావ ఫోన్ చేశాడు.

"ఏరా, మీ మూడో రౌండ్ వాడు .180 కొడుతున్నాడటగా? పాపం. నాకిచ్చెయ్, చూసుకుంటా."

"ఉండు బావా, ఫ్రిజ్ దాకా వెళ్ళొస్తా" అన్నాను.